పావుగంట గారు

మా ఆపరేషన్ థియేటర్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. హాజరు పుస్తకంలోంచి గుమాస్తా ఆ పేరు చదివితే, ఎవరో కొత్తవాళ్ళు వచ్చారేమోనని అందరం తలుపు వైపు చూసేవాళ్ళం. ఆయన కూడా చూసేవాడు. పెద్ద సర్జన్ దగ్గర నుంచి నేల తుడిచే ఆవిడ దాకా అందరికీ ఆయన పావుగంట గారు.

ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు ఆయన పనేమిటో చెప్పాలి. కాలికో చేతికో ఆపరేషన్ చేసేటప్పుడు రక్తం కారుతూ ఉంటే సర్జనుకు లోపల ఏమీ కనపడదు. అందుకని తొడకో భుజానికో వెడల్పాటి పట్టీ చుట్టి, పంపుతో అందులో గాలి నింపి, రక్తం కిందికి పోకుండా బిగిస్తారు. ఆ పట్టీ కట్టడం, టైము చూడడం, పని అయ్యాక గాలి వదలడం, ఇంతే ఆయన ఉద్యోగం. ఇంతేనా అని మొదట్లో నేనూ పెదవి విరిచాను. నేను థియేటర్ సిస్టర్ని. కత్తెరలు, సూదులు, గుడ్డలు లెక్కపెట్టి అందించేదాన్ని. నా పనే పని, తక్కిన వాళ్ళవన్నీ కాలక్షేపాలు అనుకునే రకాన్ని.

కొత్తగా చేరినవాళ్ళకు ఆయన చెప్పే మొదటి మాట ఒకటే.

"కట్టడం ఎవరైనా కడతారు. వదలడంలో ఉంది అసలు పని. రక్తం అందనంతసేపూ కండ ఆకలితో నకనకలాడుతూ ఉంటుంది. నాలుగు రోజులు పస్తున్నవాడికి కంచం నిండా పెట్టి తినమంటే ఏమవుతాడు? ఇదీ అంతే. కావాల్సిన రక్తమే ఒక్కసారిగా వచ్చిపడితే కండని పాడుచేస్తుంది. అక్కడ పేరుకున్న చెత్తంతా గుండెకెక్కుతుంది."

అందుకే పట్టీ కట్టి గంటన్నర కాగానే గొంతు సవరించుకునేవాడు. రెండు గంటలైతే ఇక ఆగేవాడు కాదు. "పావుగంట వదలండి సార్" అనేవాడు. పట్టీలో గాలి తీసి, పావుగంటసేపు కాలికి రక్తం అందనిచ్చి, అప్పుడు మళ్ళీ కట్టాలని. సర్జన్లకు అది ఒళ్ళుమంట. ఒకాయన ఓసారి కత్తి పట్టుకునే అన్నాడు, "మీ పావుగంటలన్నీ కూడితే నేనీపాటికి రిటైరయ్యి ఇంట్లో పడుకునేవాణ్ణయ్యా."

"మీరు పడుకోవచ్చు సార్, పేషెంటు లేచి నడవాలిగా" అన్నాడు పావుగంట గారు, గాలి వదిలే వాల్వు మీద చెయ్యి తియ్యకుండానే.

ఆ చెయ్యి గురించి కూడా చెప్పాలి. గాలి వదిలేముందు మత్తు డాక్టర్ని "వదలమంటారా?" అని అడిగేవాడు. ఆయన ఊ అనేదాకా చెయ్యి కదిలేది కాదు. కుడిచేత్తో వాల్వు కాస్త కాస్త తిప్పుతూ, ఎడమచేత్తో పేషెంటు కాలివేళ్ళు పట్టుకునేవాడు. తెల్లగా ఉన్న వేళ్ళు ఎర్రబడుతుంటే ఆయన మొహం విప్పారేది. పసిపిల్ల నిద్రలేస్తుంటే చూసే తల్లి మొహంలా ఉండేది. నేను మాత్రం అవతల నిలబడి, "త్వరగా కానివ్వండి, నాకింకా గుడ్డల లెక్క ఉంది" అని గొణిగేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

ఇక ఆ రోజు సంగతి. ఎన్నోసార్లు నాలో నేనే చెప్పుకున్నాను. చెప్పిన ప్రతిసారీ నా వైపు కాస్త తిప్పుకుని చెప్పుకున్నాను. ఈసారి అలా కాదు.

ఇళ్ళకు రంగులు వేసే కుర్రాడు నిచ్చెన మీంచి పడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకుని వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, గోళ్ళ సందుల్లో ఇంకా నీలం రంగుంది. పావుగంట గారు అతని తొడకు పట్టీ కట్టి, గోడనున్న బోర్డు మీద "పట్టీ 9.40" అని రాశాడు. అప్పటి పంపులకు గడియారాలు లేవు. ఆ బోర్డే గడియారం. కాసేపటికి పక్క థియేటర్లో పంపు గాలి నిలపడం లేదని ఆయన్ని పిలుచుకుపోయారు. ఈలోగా మత్తు డాక్టర్ డ్యూటీ దిగి, ఇంకొకాయన వచ్చాడు. ఆ హడావుడిలో మత్తు డాక్టర్ల చార్టులో పట్టీ టైము గడి ఖాళీగానే ఉండిపోయింది.

నాకేమో గుడ్డల లెక్క రాసుకోవడానికి బోర్డు మీద చోటు లేదు. తడిగుడ్డ తీసుకుని మొత్తం తుడిచేశాను. పట్టీ టైము ముట్టుకోకూడదని థియేటర్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. దాన్ని కొత్తపిల్లలకు నేర్పేదాన్నే నేను. అయినా చెయ్యి ఆగలేదు.

పావుగంట గారు తిరిగొచ్చి బోర్డు చూశాడు.

"సిస్టర్, టైము ఏది?"

"తుడిచాను. పది ఇరవై" అన్నాను.

పది ఇరవై ఎక్కణ్ణించి వచ్చిందంటే, రక్తం సీసా తగిలించిన టైము అది. దాన్ని నేనే రాసుకున్నాను కాబట్టి ఆ అంకె నాలుక చివర ఉంది.

"పది ఇరవయ్యా? తొమ్మిది నలభై అనుకున్నానే" అన్నాడాయన.

లెక్క మధ్యలో ఆపితే నాకు చిర్రెత్తుకొస్తుంది. "నా కళ్ళముందే రాసిపోయి నన్నడుగుతారేమిటండీ? పది ఇరవై అంటున్నానుగా!" అని అరిచాను.

ఆయన ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత పెన్ను తీసుకుని తన చేత్తోనే "పట్టీ 10.20" అని రాశాడు. నామీద అంత నమ్మకం. సిస్టర్ లెక్క తప్పదు అని పదిమందిలో చెప్పే మనిషి.

అసలు లెక్క ప్రకారం పదకొండూ నలభైకి ఆ కాలికి పావుగంట ఊపిరి దొరకాలి. దొరకలేదు. బోర్డు ప్రకారం పన్నెండూ ఇరవైకి ఆయన "పావుగంట వదలండి సార్" అన్నాడు. "అయిపోవచ్చింది, ఒక్క పది నిమిషాలు" అన్నాడు సర్జన్. పన్నెండున్నరకు వదిలారు. ఎప్పటిలాగే మత్తు డాక్టర్ని అడిగి, వేళ్ళు పట్టుకుని, నెమ్మదిగా వదిలాడాయన. నేను చూశాను. ఇంతకన్నా నెమ్మదిగా ఎవరూ వదల్లేరు. కానీ రెండు గంటల పది నిమిషాలనుకున్న ఆ కాలు నిజానికి రెండు గంటల యాభై నిమిషాలు రక్తం లేకుండా పడి ఉంది.

సాయంత్రానికి కాలు ఉబ్బి రాయిలా అయింది. కండ మీది పొరను నిలువునా కోసి తెరిచారు. కాలు దక్కింది కానీ పాదం పైకి లేవడం పోయింది. నడిస్తే మడమ కన్నా ముందు వేళ్ళు నేలకు తగిలే కాలుతో నిచ్చెనలెక్కే పని ఇక ఏం చేస్తాడు?

నా తప్పు నాకు ఎప్పుడు తెలిసిందంటారా? ఆ మధ్యాహ్నమే. నా జేబులో మొదటి లెక్క చీటీ ఉంది. "9.45, పట్టీ తర్వాత" అని నా రాతే. చీటీని నాలుగు ముక్కలు చేసి సింకులో వదిలి నీళ్ళు తిప్పాను. అప్పుడు నా హెడ్ సిస్టర్ ప్రమోషన్ కాగితం సూపరింటెండెంట్ బల్ల మీద ఉంది. అదీ కారణం. ఇంకేవో కారణాలు కూడా ఉన్నాయని చాలాకాలం నమ్మాను కానీ, లేవు.

విచారణలో సూపరింటెండెంట్ అడిగాడు, "టైము రాసింది ఎవరు?"

"నేనే సార్. నా రాతే" అన్నాడు పావుగంట గారు.

"సిస్టర్, మీరేమంటారు?"

"నాకు తెలీదు సార్. నేను గుడ్డలు లెక్కపెట్టుకుంటున్నాను" అన్నాను.

రికార్డు ప్రకారం టైము పెద్దగా మించలేదు, కాబట్టి గాలి వదలడంలో తొందరపడి ఉంటాడు అని తేల్చారు. "అయ్యుండొచ్చు సార్" అన్నాడాయన. థియేటర్లోంచి తీసి బట్టల గదికి వేశారు. ఉతికొచ్చిన దుప్పట్లు, గౌన్లు మడిచి, లెక్కపెట్టి వార్డులకు పంపే గది. నేను హెడ్ సిస్టర్నయ్యాను.

ఆయన నా పేరెత్తలేదు కదా. అది నన్ను కాపాడడానికేనని అనుకున్నాను. అన్నీ తెలిసి, ఆడమనిషి ఉద్యోగం పోతుందని తనమీద వేసుకున్నాడు, ఎంత దొడ్డ మనసు అనుకున్నాను. మా ఆయనకు కూడా అలాగే చెప్పాను. ఏడాదికోసారి పళ్ళు తీసుకుని ఆయన ఇంటికెళ్ళి, వాళ్ళావిడ పెట్టిన టీ తాగి, యోగక్షేమాలు అడిగి వచ్చేదాన్ని. వచ్చేటప్పుడు మనసు తేలికపడేది కూడా. సిగ్గులేని మనసు.

రంగులాయన తర్వాత బజారులో ఒక రంగుల దుకాణం పెట్టుకున్నాడు. ఎత్తు స్టూలు మీద కూర్చుని డబ్బాల్లో రంగులు కలిపి అమ్ముతాడు. పదకొండేళ్ళలో మా ఇంటికి నాలుగుసార్లు రంగులు వేయించాను. "ఇది ఇల్లా, ఊసరవెల్లా?" అని మా ఆయన తలపట్టుకునేవాడు. అతనేమో కొసరుగా బ్రష్షు ఇచ్చి, "మీలాంటివాళ్ళు పదిమంది ఉంటే చాలు సిస్టరమ్మా" అనేవాడు. ఆ బ్రష్షులన్నీ అటక మీద పడి ఉన్నాయి, ఒక్కటీ వాడలేదు.

మొన్నమొన్ననే మాకు కొత్త సర్జన్ వచ్చింది. చిన్న వయసు, పెద్ద పట్టుదల. పంపులకు గడియారాలు వచ్చాక కుర్రకారంతా అది పీప్ మనేదాకా సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారని ఆవిడకు మంట. "వదలడం తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరా ఇక్కడ?" అంది. ఎవరో పావుగంట గారి సంగతి చెప్పారు. పాత కథ ఆవిడకు అక్కర్లేదు. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుందిగా, ఆయన వచ్చి నేర్పాలి అంది. కబురు చేస్తే ఆయన రానన్నాడు. "హెడ్ సిస్టర్, మీరంటే ఆయనకు గౌరవమట. మీరు చెప్పండి" అని నన్ను పంపింది.

బట్టల గదికి వెళ్ళాను. వేడి ఇస్త్రీ వాసన. అరల నిండా తెల్లదుప్పట్లు. ఆయన ఒక్కో దొంతరనూ లెక్కపెట్టి, చీటీ రాసి, మళ్ళీ లెక్కపెట్టి, మూడోసారి కూడా లెక్కపెడుతున్నాడు.

"అన్నిసార్లెందుకండీ?" అన్నాను.

"అలవాటైపోయింది సిస్టర్. ఇంట్లో తాళం వేసినా మా ఆవిడ వెనక్కెళ్ళి చూడాల్సిందే. నా చేతి మీద నాకు నమ్మకం లేదు."

"ఆ సర్జనమ్మ మీరే కావాలంటోంది. మీకన్నా ఎవరికి తెలుసు? వెళ్ళండి."

ఆయన నవ్వాడు. "ఏం నేర్పమంటారు? ఎలా వదలాలో నేర్పనా? ఒక మనిషి కాలు పోగొట్టిన చెయ్యి ఇది."

"అది మీ వల్ల కాదని మీకు తెలుసుగా" అన్నాను, గొంతు తగ్గించి. ఇన్నేళ్ళుగా మా ఇద్దరి మధ్యా ఉందనుకున్న రహస్యాన్ని మొదటిసారి తాకుతున్నానని నా ఉద్దేశం.

ఆయన దుప్పటి మడత ఆపి నన్ను చూశాడు. ఆ చూపులో ఏ రహస్యమూ లేదు.

"నా వల్ల కాకపోతే ఎవరి వల్ల సిస్టర్? మత్తు మందు సరిగ్గా ఉంది. సర్జన్ బాగానే చేశాడు. టైము తప్పలేదు, మీరే చూసి చెప్పారు. ఆ రోజు నా బుర్రకేమైందో గానీ తొమ్మిది నలభై అనుకున్నాను. మీరుండబట్టి సరిపోయింది. ఇక మిగిలింది వదలడం. నెమ్మదిగానే వదిలానని నాకు గుర్తు. కానీ టైమే తప్పు గుర్తున్నవాడికి ఇది మాత్రం సరిగ్గా గుర్తుంటుందా?"

నేను గది బయటకు వచ్చేశాను. నడవాలో కుళాయి దగ్గర నిలబడి నీళ్ళు తాగాను. ఆయన నన్ను కాపాడలేదు. ఆయనకు తెలియనే తెలియదు. పదకొండేళ్ళూ నా మాట నిజమని నమ్మి, తన బుర్రనీ తన చేతినీ అబద్ధమనుకున్నాడు. నేను ఆయన ఇంట్లో కూర్చుని టీ తాగుతూ, ఆయన దొడ్డమనసుకు లోలోపల దండం పెట్టుకున్నాను. పిరికితనం చాలదన్నట్టు దానికి ఇంత పూజ కూడానా!

అప్పుడే ఇంటికి వెళ్ళిపోయి ఉండేదాన్నే. కాళ్ళు అటే తిరిగాయి కూడా. లోపల ఆయన మళ్ళీ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం వినపడింది. వెనక్కి వెళ్ళాను.

"తొమ్మిది నలభయ్యే" అన్నాను.

"ఏమిటి?"

"మీరు రాసింది తొమ్మిది నలభయ్యే. తుడిచింది నేను. పది ఇరవై రక్తం సీసా టైము. ఆ మధ్యాహ్నమే నాకు తెలిసింది. నా చీటీ చింపేశాను. విచారణలో అబద్ధం చెప్పాను."

ఒక్క ఊపులో అనేశాను. ఆయన చేతిలో దుప్పటి ఒక కొస నేలకు జారింది.

"తొమ్మిది నలభయ్యేనా?" అన్నాడు.

"అవును."

"నిజంగా తొమ్మిది నలభయ్యేనా?"

"అవునండీ."

వేళ్ళతో లెక్కవేశాడు. "రెండు గంటల యాభై" అన్నాడు తనలో తను. తర్వాత తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "అయితే నేను నెమ్మదిగానే వదిలాను."

"అంత నెమ్మదిగా ఎవరూ వదల్లేరు. నేను చూశాను" అన్నాను. ఏడుపొచ్చింది.

"ఏడవకండి" అన్నాడు. ఆ గొంతులో జాలి లేదు. "నాకిప్పుడు మీ ఏడుపు చూసే ఓపిక లేదు. పదకొండేళ్ళు సిస్టర్! మా పిల్ల పెళ్ళిలో పెళ్ళివారు బట్టల గదిలో ఏం చేస్తారు అనడిగితే కూడా తలెత్తలేదు నేను. ఎందుకు తలెత్తలేదు? చెప్పండి, ఎందుకు?"

నేను కళ్ళు తుడుచుకున్నాను.

"సూపరింటెండెంటుకు కాగితం రాసివ్వండి. ఇప్పుడే. తర్వాత రంగులాయన దగ్గరకెళ్ళి మీ నోటితో మీరే చెప్పండి."

"మీరూ వస్తారా?"

"నేనెందుకు? నేను చెప్పాల్సింది అతనికి ఎప్పుడో చెప్పాను." ఆయన దుప్పటి పైకి తీసుకుని అటు తిరిగాడు.

కాగితం రాసిచ్చాను. ఈ సూపరింటెండెంట్ కొత్తాయన. రెండుసార్లు చదివి, "ఇంతకాలం తర్వాత ఎందుకమ్మా?" అన్నాడు. ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. సాయంత్రం డ్యూటీ దిగి బజారుకు నడిచాను.

రంగులాయన ఏదో డబ్బాలో పసుపు కలుపుతున్నాడు. నన్ను చూసి, "అప్పుడే మళ్ళీ రంగులా సిస్టరమ్మా? గోడలు మందమైపోతాయి" అని నవ్వాడు.

స్టూలు ఎదురుగా నిలబడే అంతా చెప్పాను. కలిపే కర్ర ఆగింది. అతను అరుస్తాడని, డబ్బా విసురుతాడని సిద్ధపడ్డాను. అతను నన్ను చూడనేలేదు. తన అరచెయ్యి చూసుకుంటున్నాడు.

"మరైతే ఆయన ఎందుకొచ్చాడు?" అన్నాడు.

"ఎవరు?"

"పావుగంట గారు. నేనింకా మంచం మీద ఉండగానే వచ్చాడు. 'వదలడంలో తప్పు జరిగింది, ఆ చెయ్యి నాది' అన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారమూ వస్తాడు. ఈ పాదం పట్టుకుని పైకీ కిందికీ అరగంట ఆడిస్తాడు. ఈ బూటులో పాదాన్ని ఎత్తిపట్టే పట్టీ కూడా ఆయన కుట్టిందే. మీకు తెలీదా?"

నాకు తెలీదు. ఆదివారాలు నేను బజారుకు రాను.

"మొదటిసారి వచ్చినప్పుడు నేనేం చేశానో తెలుసా అమ్మా? పాదం పట్టుకోబోతే లాగి చెంప మీద కొట్టాను. కళ్ళజోడు ఎగిరి మంచం కింద పడింది. మా అమ్మ అక్కడే ఉంది. ఆయన ఏమన్నాడో తెలుసా? 'కోపముంటే ఇంకోటి కొట్టు, కానీ కాలు కదపడం మాత్రం మానకు' అన్నాడు. నేను ఇంకోటి కూడా కొట్టాను."

వీధిలో ఎవరో బండి హారన్ కొట్టుకుంటూ పోయారు. నేను అతనికి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"ఆ రెండూ నాకు పడాల్సినవి బాబూ. ఇప్పుడు కొట్టు" అన్నాను. నిజంగానే అన్నాను. కొడితే బాగుండుననిపించింది.

అతను తల అడ్డంగా ఊపాడు. "మిమ్మల్ని కొడితే మీకు బాగుంటుంది. ఆయనకేమొస్తుంది?"

స్టూలు దిగాడు. డబ్బా మీద మూత పెట్టాడు. దుకాణం షట్టర్ సగం లాగి, ఓ చెయ్యి వెయ్యమన్నట్టు నావైపు చూశాడు. ఇద్దరం కలిసి కిందికి లాగాం.

"ఆయన ఇల్లు మీకు తెలుసుగా?"

"తెలుసు."

"నాకు తెలీదు. పదకొండేళ్ళూ ఆయనే వచ్చాడు గానీ నేనెప్పుడూ వెళ్ళలేదు." మొహం తుడుచుకున్నాడు. "చూపించండి. నేను ఆయన కాళ్ళు పట్టుకునేటప్పుడు మీరు పక్కనుండాలి. వాళ్ళావిడ ముందు మళ్ళీ మొత్తం చెప్పాలి, మొదటి నుంచీ."

ఆటో పిలుస్తానన్నాను. వద్దన్నాడు. బజారు దాటి, ఆసుపత్రి గోడ వెంట, ఇరవై నిమిషాల దూరం అది. ఆ కాలితో మాకు గంట పట్టింది.